మిర్గం నాటి పులుసు

పొద్దున వంటింట్లోకి రాగానే రామచంద్రయ్య చేసే మొదటి పని ఒక ఎల్లిపాయ రెబ్బను బొటనవేలి కింద నలిపి ముక్కు దగ్గర పెట్టుకోవడం. ఎవరూ రాకముందే చేస్తాడు. ఆ ఆదివారం కూడా చేశాడు. వేలికి జిగురంటింది, గోటి సందున చురుక్కుమంది, అంతే. లుంగీకి చెయ్యి తుడుచుకొని పొయ్యి వెలిగించాడు.

దేవరకొండ బస్టాండు దాటి ఖిల్లా వైపు మళ్లే మూలమీద ఉంటుంది ఆ హోటలు. కింద భోజనాలు, పైన బారు. లాక్‌డౌన్‌లో కింది కుర్చీలన్నీ బల్లల మీద బోర్లపడి ఉన్నాయి. పైకి పోయే మెట్లకు అడ్డంగా తాడు కట్టారు. మధ్యాహ్నం దాకా పార్శిళ్లు ఇవ్వొచ్చు, ఆ తర్వాత షట్టర్ దించాల్సిందే. ఇళ్లలో మగ్గి మగ్గి విసిగిన జనం గిన్నెలు, క్యాన్లు పట్టుకొని పొద్దున్నే వచ్చి సున్నం గీతల్లో నిలబడేవారు. "ఇంటి కూర తినీ తినీ నాలిక మొద్దువారింది మాస్టరూ!" అని కిటికీలోంచి కేకేసేవారు. నాలిక మొద్దువారడమంటే ఏమిటో వాళ్లకు తెలియదనుకునేవాడు రామచంద్రయ్య. పైకి అనేవాడు కాదు.

అతనికి జబ్బు తగ్గి నెల దాటింది. భార్య పుష్పకు తగ్గలేదు. ఒకే వారంలో ఇద్దరూ దవాఖానకు పోతే ఒక్కడే తిరిగొచ్చాడు. వచ్చిన మనిషికి రుచీ వాసనా రాలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఉల్లిగడ్డ రంగు చూసి, నూనె చప్పుడు విని, పిడికిట్లో ఉప్పు బరువు చూసుకొని వండుతున్నాడు. పాతికేళ్ల నుంచి ఆ పని చేస్తున్న చేతులు కాబట్టి తప్పలేదు. తిన్నవాళ్లు ఎప్పటిలాగే లొట్టలేసేవారు.

"మాస్టరూ, గీ చికెన్ల ఉప్పు సరిపోయిందా, జర చూడు." సైదులు గరిటె ముందుకు చాపాడు. కోయడం, కలపడం, పార్శిలు కట్టడం అతని పని. ముప్పై దాటాయి. ఎప్పటికైనా ఆ పొయ్యి ముందు తను నిలబడాలని ఆశ.

"నువ్వే చూడు. ఏడాది ఎల్లేదాక నీసు ముట్టనని ఎరుకే గద."

"ముట్టుడెందుకు? నాలిక మీద సుక్కేసుకొని ఉమ్మెయ్యి. పుష్పక్క ఏమన్న పైనుంచి చూస్తాందా?"

"చూస్తాంది," అన్నాడు రామచంద్రయ్య.

సైదులు గరిటె వెనక్కి తీసుకున్నాడు.

పోయిన మనిషి పేరు మీద ఏడాది నీసు మానడం ఆ వైపు కొత్త కాదు. ఎవరూ గుచ్చి అడగరు. కానీ ఆమెను అడ్డం పెట్టుకున్న ప్రతిసారీ రామచంద్రయ్య ఎదుటి మనిషి ముఖంలోకి చూడలేకపోయేవాడు. చికెన్ దించాక మొదటి పొయ్యి ఎప్పుడో ఆర్పేసి ఉంది. అతను రెండో పొయ్యి మీదికి పప్పు గిన్నె ఎత్తాడు. అగ్గిపెట్టె తీశాడు. పుల్ల పట్టుకున్నాడు.

"ఆగు! మాస్టరూ, ఆగు!" సైదులు ఉరికొచ్చి అగ్గిపెట్టె గుంజుకున్నాడు. "గ్యాసు కొడతాంది! పుల్ల గీస్తే అందరం పోదుము గద! పైపు ఊడింది, కనవడ్తలేదా?"

సిలిండర్ కట్టేసి, కిటికీ బార్లా తెరిచి, సైదులు దగ్గుతూ బయటికి పోయాడు. రామచంద్రయ్య అక్కడే నిలబడ్డాడు. చుట్టూ ఉన్నది ఎప్పటి గాలే అనిపించింది. తలెత్తితే గుమ్మంలో హోటలు యజమాని, సేటు. దస్తీ ముక్కుకు అదుముకొని ఉన్నాడు.

"గల్ల పెట్టె కాడికి వచ్చింది వాసన," అన్నాడు శివకుమార్ సేటు.

"ధ్యాస లేకుండె సేటూ."

సేటు అతని ముఖం చూశాడు. తర్వాత ఊడిన పైపు చూశాడు. పొయ్యికీ మాస్టరుకూ మధ్య మూరెడు దూరం లేదు.

"ఎట్లుంటది తీ, ఇంట్ల గట్లైనంక," అన్నాడు మెత్తగా. "ఫికర్ చెయ్యకు. ఎల్లుండి మిర్గం. ఈసారి మనం ఇడిసిపెట్టొద్దు. నెలకెల్లి మన చేపల పులుసు కోసం జనం మొఖం వాసిపోయిండ్రు. పెద్ద డేగిశ ఎక్కించు."

మృగశిర కార్తె నాడు చేప తినకపోతే ఆ సీమలో ఏడాది లోటుగా ఉంటుంది. రొమ్ము పడిశం పట్టదని పెద్దలంటారు. ఈ ఏడు ఆ మాట మరీ గట్టిగా వినబడుతోంది. దగ్గంటేనే గుండెలు జారే రోజులాయె.

"రేపు పొద్దుగాల్నే డిండి చెరువుకు పోయొస్త సేటు. రవ్వ చేపలైతే మంచిగుంటయి," అన్నాడు రామచంద్రయ్య.

"చూద్దాం," అని సేటు గల్లా వైపు వెళ్లిపోయాడు.

సోమవారం తెల్లారేసరికి రామచంద్రయ్య సంచి పట్టుకొని హోటలు ముందు నిలబడ్డాడు. ప్రతి ఏడూ మిర్గం ముందటి రోజు అతనే డిండి చెరువు కట్టకు పోతాడు. మొప్పల్లో వేలు పెట్టి విప్పి ఎరుపు చూస్తాడు. కన్ను చూస్తాడు. వీపు మీద వేలితో నొక్కి, గుంట నిండేదాకా ఆగి చూస్తాడు. ముక్కు లేకున్నా ఈ మూడూ తనకున్నాయన్న ధైర్యం ఉంది.

సేటు బండి దిగుతూనే చెయ్యి అడ్డంగా ఊపాడు. "డిండి లేదు గిండి లేదు. సరుకు చెప్పిన. లారీల వస్తాంది. రేపు పొద్దున కోసి, కడిగి, పసుపువెట్టి తెచ్చి పడేస్తరు."

"కోసినయా? ఎన్నడన్న కోసినయి తెచ్చినమా సేటు?"

"ఎన్నడన్న లాక్‌డౌన్ వచ్చిందా? ఒంటిగంటకు షట్టర్ దించాలె. నువ్వు పోయి, వచ్చి, తోమి, కోసి, ఎప్పుడు వండుతవ్?"

"నేను రాత్రే..."

"మాస్టరూ," అన్నాడు సేటు నవ్వుతూ, "నువ్వు పొయ్యి చూసుకో. మిగతాది నాకిడిసిపెట్టు. పైన కొంతమంది పెద్దోళ్లొస్తండ్రు, ఎనక మెట్లకెల్లి. ఆళ్లకు బతికున్న కొర్రమట్టలు తెప్పిస్తున్న. ఆ గిన్నె వేరే. కింద పార్శిళ్ల గిన్నె వేరే. కలపకు."

కొర్రమట్ట ఖరీదు చేప, పెద్దవాళ్లకు పెద్ద చేప. అందులో అనుమానించాల్సింది ఏమీ లేదు. అయినా ఆ రోజంతా రామచంద్రయ్యకు సంచి ఎక్కడ పెట్టాలో తోచలేదు. చివరికి మడిచి ఉప్పు డబ్బా కింద పెట్టాడు.

సాయంత్రం ఇంట్లో మల్లిక ఫోను ముందు కూర్చొని పాఠం వింటోంది. ఇంటర్ చదువుతోంది. అమ్మ పోయాక ఆ పిల్ల మాట్లాడటం తగ్గించి పని చేయడం పెంచింది. రామచంద్రయ్య పప్పుచారు చేసి పెట్టాడు. తండ్రి కళ్లు తన నోటి వైపే ఉన్నాయని తెలిసినట్టు ఆమె తల వంచుకొని తిన్నది.

"ఎట్లుంది బిడ్డా?"

"మంచిగుంది నాయినా." ఎప్పుడూ చెప్పే మాటే. "రేపు మిర్గం గద. పులుసు తెస్తవా? రెండు ముక్కలైతే సాలు. అమ్మ ఉంటే తోక ముక్క నాకేసేది."

"తెస్త," అన్నాడు.

మిర్గం నాడు మబ్బు పట్టింది గానీ చినుకు పడలేదు. ఉక్కపోతగా ఉంది. ఆటోలో రెండు నీలం డబ్బాలు వచ్చాయి. చిన్నదానిలో నీళ్లున్నాయి, నీళ్లలో కొర్రమట్టలు తోకలు కొడుతున్నాయి. పెద్దదానిలో పసుపూ ఉప్పూ దట్టించిన ముక్కలు. తలలు లేవు.

"తలకాయలేవి?" అన్నాడు రామచంద్రయ్య.

"ఆడనే పారేసిండ్రట," అన్నాడు సైదులు. అతను మాస్కు మీద మరో దస్తీ కట్టుకొని ఉన్నాడు.

తలకాయ పులుసు కోసం గీతల్లో కొట్టుకునే ఊళ్లో తలలు పారేశారట! రామచంద్రయ్య వంగి ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. వేలితో నొక్కాడు. ఉప్పుకు బిగిసి ఉంది, ఏమీ చెప్పలేదు. బొక్క దగ్గర చూశాడు. పొట్ట ముల్లు కండ నుంచి విడివడి, చిరిగిన గొడుగు పుల్లలా బయటికి పొడుచుకొచ్చింది. ఇంకోటి తీశాడు. అదీ అంతే. ఐసులో ఎక్కువసేపు ఉన్నా అట్లా కావచ్చు. కావచ్చు, కాకపోవచ్చు. ముక్క ముక్కు దాకా ఎత్తాడు. ఏమీ లేదు. గోడను వాసన చూసినట్టు ఉంది.

"సైదులూ, జర నువ్వు చూడు. ఎట్లున్నయి?"

సైదులు కొత్తిమీర కోస్తూనే ఉన్నాడు. "మాస్టరువు నువ్వు. నన్నడుగుతవేంది?"

"నేను నీసు దగ్గరికి తెచ్చుకుంటలేను గద."

"ఇప్పుడు చేతుల పట్టుకున్నదేంది మరి?"

కత్తి టకటకమంటూనే ఉంది. తల మాత్రం ఎత్తలేదు. ఎప్పుడూ పొయ్యి దగ్గర పాటలు పాడే మనిషి ఆ రోజు కూని రాగం కూడా తీయడం లేదు.

రామచంద్రయ్య కొర్రమట్టల గిన్నె ముందు వండి పైకి పంపాడు. ఆ తర్వాత పెద్ద డబ్బా ముక్కల్ని నిమ్మరసం పిండి రెండుసార్లు కడిగాడు. డేగిశలో నూనె కాగింది. మెంతులు చిటపటలాడాయి. ఉల్లిగడ్డ ఎర్రబడింది. చింతపులుసు పోశాడు, అది కుతకుత ఉడికాక ముక్కలు వదిలాడు. చేపల పులుసులో గరిటె పెట్టకూడదు. రెండు పక్కలా గుడ్డతో పట్టుకొని గిన్నెనే తిప్పాలి. ఒక్కసారి తిప్పాడు. రవ్వ ముక్క పులుసులో రాయిలా నిలబడుతుంది, అది అతనికి తెలిసిన రవ్వ. ఇవి నిలబడలేదు. మొదటి ఉడుకుకే కండ విడిపోయి, నడుమ ముళ్లు తెల్లగా పైకి తేలాయి.

పొయ్యి మంట తగ్గించి అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. పైనుంచి కుర్చీలు జరిగిన చప్పుడు, నవ్వులు. "నెల రోజులాయెరా గ్లాసు గ్లాసుకు తగిలి!" ఎవరో గట్టిగా అరిస్తే ఇంకెవరో 'ష్ ష్' అన్నారు. మళ్లీ అందరూ నవ్వారు.

వెనక కిటికీ మీద ఎవరో కొట్టారు.

"మాస్టరన్నా, నేనే, పర్వతాలును."

తండా దాటి గుట్టకింది ఊరు నుంచి వచ్చే గొల్ల పర్వతాలు. సంత రోజు మేకలమ్మి, తల్లితో సహా వచ్చి ఇక్కడ పులుసన్నం తిని పోవడం అతని అలవాటు. ఒక్కడే వచ్చాడు. చేతిలో పాల క్యాను.

"లైన్ల నిలబడు పర్వతాలూ. గీడికి రావొద్దు."

"నిలబడ్డనే, ముందటోణ్ణి నేనే. పొద్దెక్కకముందే వచ్చిన. మా అమ్మ సుక్కమ్మ సంగతి చెప్పి పోదామని. ఆమెకు రోగమొచ్చి తగ్గిందన్నా. తగ్గింది గాని ముద్ద ముడ్తలేదు. ఏం పెట్టినా పక్కకు నూకుతాంది. నిన్న తనంతట తనే అన్నది, మిర్గం నాడు రామచంద్రయ్య చేతి పులుసైతే తింటనని. జర మంచి ముక్కలు చూసి పొయ్యమని సైదులుకు చెప్పు."

"ఒక్కతే తింటదా?"

"అందరం తింటం. పిల్లలు నిన్నటికెల్లి ఎగుర్తాండ్రు. సరే, పోతున్న, నా జాగ పోతది."

రామచంద్రయ్య చిన్న గిన్నెలో రెండు ముక్కలు, కొంచెం పులుసు వేసుకొని గల్లా దగ్గరికి నడిచాడు. మిర్గం నాడు మొదటి గిన్నె సేటు తినాలి. వాళ్ల నాయిన కాలం నుంచీ ఉన్న రివాజు. గల్లా దగ్గర నిలబడి, అందరూ చూస్తుండగా తిని, చెయ్యి కడుక్కొని, "ఇగ కానియ్యిండ్రి" అంటేనే అమ్మకం షురూ.

షట్టర్ సగం ఎత్తి ఉంది. దాని కింద నుంచి గీతల్లో నిలబడ్డ కాళ్లు కనిపిస్తున్నాయి. గిన్నె గల్లా మీద పెట్టాడు.

"బోణీ సేటూ."

సేటు గిన్నె వైపు చూడలేదు. "పైన తింట, ఆళ్లతోని. నువ్వు షురూ చెయ్యి."

"మీ నాయిన ఒక్క ఏడు తప్పలే. ఒక్క ముక్క నోట్లె ఏసుకో."

"మాస్కు తియ్యొద్దంటుండ్రు గద."

"సేటూ." రామచంద్రయ్య గొంతు తగ్గించాడు. "సరుకు మంచిదేనా?"

శివకుమార్ లేచి, షట్టర్‌కు వీపు పెట్టి నిలబడ్డాడు. "నన్నడుగుతవేంది? వండినోనివి నువ్వు. నీకు తెల్వదా?"

రామచంద్రయ్య గిన్నెలోని ముక్కల వైపు చూశాడు.

"తెల్వదు," అన్నాడు సేటు తనే. "మొన్న గ్యాసు గల్ల దాక వస్తే నీకు తెల్వలే. నేనెవ్వలికన్న చెప్పిన్నా? ఇంకొకడైతే ఆ పూటనే బయటికి పంపు. వాసన తెల్వని మాస్టరును ఎవలు పెట్టుకుంటరు? నేను పెట్టుకున్న. పుష్పమ్మ పోయింది, పిల్ల చదువుతాంది, పాపమని పెట్టుకున్న."

"అందుకే కోసి తెప్పిచ్చినవా?"

"లారీ సరిహద్దు కాడ పాసుల కోసం ఎండల ఆగింది. ఐసు కరిగింది. నేనేం జేద్దు? బయట పారబొయ్యాల్నా? అల్లం ఎల్లిపాయ జరంత ఎక్కువెయ్యి. పులుపు పెంచు. మసాల ముంగట ఏది నిలుస్తది?"

"తిన్నోళ్లకు ఏమన్నైతే?"

సేటు భుజాలు ఎగరేశాడు. ఆ తర్వాత అన్న మాట చాలా మామూలుగా, వాన వస్తుందేమో అన్నట్టు అన్నాడు. "ఇప్పుడు ఎవలికి ఏమైనా ఈ రోగమనే అనుకుంటరు మాస్టరూ. చేపలెవలికి యాదికొస్తయి?"

రామచంద్రయ్య కళ్లముందు దవాఖాన గేటు వచ్చింది. దాని ముందు ఆటోలు, ఆటోల్లో ఒరిగిన తలలు. లోపల జాగా లేదు, లేదు అంటూ చెయ్యి ఊపే మనిషి. పుష్ప అతని భుజం మీద తల పెట్టుకొని, ఏమీ అడగకుండా ఆ చెయ్యి వైపే చూసింది.

"నేను బయట చెప్త," అన్నాడు.

"చెప్పు. చేపలు కంపుగొడుతున్నయని చెప్పు. నీకెట్ల ఎరుక అంటే ఏమంటవు? ముక్కు లేనోని మాట ఎవలు నమ్ముతరు?" సేటు గిన్నె మెల్లగా అతని వైపు జరిపాడు. "పో. టైమైతాంది. నీ ముక్కు సంగతి నా కడుపుల ఉంటది. నువ్వు గూడ కడుపుల పెట్టుకో."

వంటింట్లోకి తిరిగొచ్చేసరికి పర్వతాలు క్యాను బల్ల మీద ఉంది. మూత తీసి ఉంది. సైదులు గంటె ముంచబోతూ ఆగాడు.

"సేటు తిన్నడా?" అన్నాడు. రెండు మాస్కుల వెనక నుంచి గొంతు పీలగా వచ్చింది.

"నీకెరుక గద తినడని."

సైదులు చూపు తిప్పుకున్నాడు. "నన్నేం జెయ్యమంటవే? నోరు తెరిస్తే కొలువుండదన్నడు. ఇంట్ల ఇద్దరు పిల్లలు."

రామచంద్రయ్య అతన్ని తప్పు పట్టలేకపోయాడు. నెల నుంచి తను కూడా ఆ భయంతోనే వండుతున్నాడు. చేపలు చెడ్డవని తను అరిస్తే సేటు నవ్వుతాడు. సైదులు నోరు విప్పడు. జనం ఎవరి మాట వింటారు? ఎవరి మాటా అక్కర్లేకుండా, నోట్లో పెట్టుకోగానే నాలికే చెప్పేది ఏదైనా ఉండాలి.

ఉప్పు డబ్బా మూత తీశాడు. పిడికిలి నింపలేదు. డబ్బానే రెండు చేతులతో ఎత్తి డేగిశ మీద వంచాడు. రాళ్ల ఉప్పు బుడబుడమంటూ పులుసులోకి దిగింది.

"మాస్టరూ!" సైదులు అతని మణికట్టు పట్టుకున్నాడు.

ఇద్దరి చేతుల మధ్య డబ్బా ఆగింది. రామచంద్రయ్య విడిపించుకోవడానికి గుంజలేదు. సైదులు ముఖంలోకి చూశాడంతే. పైన మళ్లీ నవ్వులు, గ్లాసుల చప్పుడు. సైదులు వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. మిగిలిన ఉప్పు కూడా దిగిపోయింది. రామచంద్రయ్య గరిటె తీసుకొని, చేపల పులుసులో జన్మలో పెట్టనిది పెట్టి, అడుగు నుంచి కలిపాడు. ముక్కలు చితికి ముద్దయ్యాయి. కడిగి మళ్లీ వండే వీలు కూడా ఇక లేదు.

"అరువు," అన్నాడు.

"ఏందీ?"

"ఉప్పు కషాయమైందని గట్టిగ అరువు. లైనుకు ఇనవడాలె."

సైదులు మాస్కు గడ్డం కిందికి లాగి, కిటికీ వైపు తిరిగి కేకేశాడు. "ఓర్నాయనో! ఉప్పు! మాస్టరు డేగిశంత ఉప్పు పోసిండు! నోట్లె పెట్టేటట్టు లేదు!"

సేటు పరుగెత్తుకొచ్చాడు. డేగిశ చూశాడు, బోర్లా పడ్డ డబ్బా చూశాడు. అతని ముఖం ఎర్రబడింది. అప్పటికే షట్టర్ కింద నుంచి తలలు లోపలికి తొంగి చూస్తున్నాయి. పర్వతాలు తల అందరికంటే ముందుంది.

"ఏం జేసినవ్ రా?" అన్నాడు సేటు పళ్ల సందు నుంచి. పాతికేళ్లలో ఆ హోటల్లో అతన్ని ఎవరూ 'రా' అనలేదు.

"అందాజ తప్పింది సేటూ." రామచంద్రయ్య గీతల చివర నిలబడ్డవాళ్లకు కూడా వినబడేటట్టు చెప్పాడు. "నాకు రుచి తెలుస్తలేదు. వాసన వస్తలేదు. రోగమొచ్చినప్పటి నుంచి ఇంతే. నీకు ముందే ఎరుక గద."

బయట గొల్లుమన్నారు. "వాసన రానోనితోని వండిస్తున్నవా సేటూ?" అని ఒక ఆడమనిషి. "ఇన్నాళ్లు ఏం తిన్నమో ఏమో!" అని ఇంకొకరు. "పొద్దుగాల్నుంచి నిలబెట్టి గిదా?" గిన్నెలు చప్పుడయ్యాయి. నిజం చెప్పి మాస్టరును తిట్టే దారి సేటుకు లేదు.

పర్వతాలు షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చి క్యాను తీసుకున్నాడు. మూత పెట్టాడు. రామచంద్రయ్య ముందు ఆగాడు.

"ముసలిది తొవ్వ చూస్తాంటది. ఏమని చెప్పాలె నేను?"

"నేనే పాడుచేసిన్నని చెప్పు."

"చెప్త. చెప్పకుండ ఇడుస్తనా?" అని పర్వతాలు వెళ్లిపోయాడు. ఎప్పుడూ పెట్టే దండం పెట్టలేదు.

నడుముకు చుట్టుకున్న గుడ్డ విప్పి, మడిచి, పొయ్యి గట్టు మీద పెట్టి రామచంద్రయ్య వెనక తలుపు గుండా బయటపడ్డాడు. ఇంటికి ఉత్త చేతులతో పోయాడు. మల్లిక కంచాలు కడిగి పెట్టుకొని ఉంది. ఆమె ఏమీ అడగకముందే అంతా చెప్పాడు. ముక్కు సంగతి, అమ్మ పేరు మీద ఆడిన అబద్ధం, ఉప్పు. ఆ పిల్ల విన్నది. లేచి పోయి, గంజిలో ఇంత కారం, ఉల్లిగడ్డ వేసి తెచ్చి తండ్రి ముందు పెట్టింది. రాత్రికి అతను చారు కాచి పోస్తే ఒక ముద్ద తిని, తలెత్తి, కొంచెం భయపడుతూ అన్నది.

"ఉప్పు తక్కువైంది నాయినా."

నెల రోజుల్లో ఆమె అట్లా అనడం అదే మొదలు. రామచంద్రయ్య ఉప్పు గిన్నె ఆమె దగ్గరికి జరిపాడు. "ఎంతనో నువ్వే ఎయ్యి," అన్నాడు.

తర్వాతి వారం హోటళ్లు తెరుచుకున్నాయి. బల్లల మీది కుర్చీలు కిందికి దిగాయి. జనం మాస్కులు జేబులో పెట్టుకొని, ఎదురెదురుగా కూర్చొని, నెలల మాటలన్నీ ఒక్కసారే మాట్లాడుకుంటూ తిన్నారు. రామచంద్రయ్య రెండు మూడు చోట్ల అడిగాడు. "అయ్యో, నీకు లేదంటమా మాస్టరూ, గాని..." అన్నారు. ఆ 'గాని' తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒక మెస్సులో కూరగాయలు కోయడానికి రమ్మన్నారు. ఒప్పుకున్నాడు. పాత హోటల్లో పొయ్యి ముందు సైదులు నిలబడుతున్నాడు. దారిలో ఎదురైతే సైదులు బండి ఆపి, ఏదో చెప్పబోయి, "ఆ డేగిశల పులుసంత ఊరవతల గుంత తీసి పూడ్చినం మాస్టరూ. కుక్కలు గూడ తవ్వకుండ రాళ్లు పెట్టిన," అని మాత్రం చెప్పి పోయాడు.

సంత రోజు పొద్దున మెస్సుకు పోతూ చాయ బండి దగ్గర ఆగాడు. ఆటోవాళ్లు అతన్ని చూసి ఒకరినొకరు పొడుచుకున్నారు.

"చాయల చక్కెరనే ఎయ్యిరా బయ్, ఉప్పు గిప్పు ఏసేవు, మాస్టరొచ్చిండు," అన్నాడొకడు. అందరూ నవ్వారు. రామచంద్రయ్య కూడా కొంచెం నవ్వి గ్లాసు అందుకున్నాడు. చాయ వేడి ఒక్కటే తెలిసింది.

మేకల మందను తోలుకుంటూ పర్వతాలు వచ్చాడు. చూసీ చూడనట్టు దాటిపోబోయాడు. రామచంద్రయ్య గ్లాసు పట్టుకునే రెండడుగులు అతని వెంట వేశాడు.

"పర్వతాలూ, అమ్మ ఎట్లుంది?"

పర్వతాలు ఆగాడు. కర్ర మీద చెయ్యి పెట్టి, ఇంకా తగ్గని కోపంతో చూశాడు. "ఎట్లుంటది? మిర్గం నాడు ఉత్త క్యాను చూసి, ఇగ గొడ్డుకారమే గతని రొట్టె తిన్నది. అప్పటికెల్లి తింటనే ఉంది. మేకలెంబడి గూడ పోతాంది. నీ పేరు చెప్తే మాత్రం అంతెత్తు లేస్తాంది. రోజు తిడుతాంది నిన్ను."

"గట్టిగనేనా?"

"గట్టిగనా? వాడకంతా ఇనవడ్తది."

రామచంద్రయ్య గ్లాసు వంక చూసుకున్నాడు. చాయ బండి వెనక నుంచి ఎవరో మళ్లీ ఉప్పు మాట ఎత్తారు. అతను తల తిప్పలేదు.

"తిట్టనీ," అన్నాడు.